బరువెక్కితే ఉరికిన బండి

నేను ఒక ప్రయోగశాల బండిని. మూరెడు టేకు చెక్క, నాలుగు ఇత్తడి చక్రాలు, ముందు ఒక కొక్కెం. అంతే నా ఆస్తి. నన్ను చేసిన వడ్రంగి చక్రాలను చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, చప్పుడు వినబడకుండా పోయేవరకూ అరగదీశాడు. అంత శ్రద్ధ ఈ బతుకులో మళ్ళీ చూడలేదు.

నా పని చిన్నది. బల్ల మీద నిలబెడతారు. కొక్కేనికి దారం కట్టి, బల్ల అంచున ఉన్న కప్పీ మీదుగా తూకపురాయి వేలాడదీస్తారు. రాయి దిగుతుంది, నేను కదులుతాను. రాయి బరువు పెంచితే జోరందుకుంటాను. రాయి అదే ఉంచి నా వీపున ఇనప బిళ్ళలు పేర్చితే ఆ జోరు తగ్గుతుంది. బలం, ద్రవ్యరాశి, త్వరణం అని పెద్ద పేర్లు పెట్టారు గానీ, ఈ సంగతి ఎడ్లకు కూడా తెలుసు.

గుంటూరు దగ్గర ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి చేరాను. మొదటి ఏడాది ఒక్కసారి నడిపించారు. ఆ ఏటి ఫస్టు కుర్రాడు రికార్డు సాపుగా రాసేటప్పుడు తొందరలో పట్టికను తలకిందులు చేశాడు. ఖాళీ బండికి తక్కువ త్వరణం, రెండు బిళ్ళలు మోసిన బండికి ఎక్కువ! కింద మాత్రం పుస్తకంలో ఉన్నట్టే 'ద్రవ్యరాశి పెరిగితే త్వరణం తగ్గును' అని రాశాడు. పైకీ కిందికీ పొంతన లేదని ఎవరూ చూడలేదు. ఎగ్జామినరు సంతకం పెట్టాడు. మరుసటేడు నుంచి నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ఆ రికార్డు చూసి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. అలా ఇరవై ఏళ్ళు. గొర్రెదాటు అంటారు గానీ, గొర్రెలు మరీ ఇంత అన్యాయం కాదు.

అప్పుడు వచ్చింది కోటేశ్వరి. మిర్చి యార్డులో సరుకుల రిక్షా తొక్కే పిచ్చయ్య కూతురు. ఇంటర్ తప్పితే మర్నాడే మిరపకాయల తొడిమలు తీసే పనికి రావాలని వాళ్ళమ్మ ముందే చెప్పింది. రికార్డు ఎక్కిస్తూ ఆ పట్టిక దగ్గర ఆగిపోయింది. అటెండరును బతిమాలి బీరువా తీయించి, నా చక్రాలకు నూనె వేసి, మధ్యాహ్నమంతా నన్ను నడిపింది. నేను ప్రాణం పెట్టి పరిగెత్తాను. వచ్చిన అంకెలు పెన్సిలుతో రాసుకుని లెక్చరరు పట్టాభిగారికి చూపించింది.

"రికార్డులో తిరగేసి ఉంది సార్. మా నాన్న రిక్షా ఖాళీగా ఉంటే ఉరుకుద్ది. నాలుగు మిర్చి బస్తాలేస్తే కదల్దు."

"ఇరవయ్యేళ్ళుగా ఎగ్జామినర్లు సంతకాలు పెట్టారమ్మా. అందరికీ ఒకటుండి నీకొక్కదానికే వేరే ఉంటే, నువ్వే తప్పంటారు. ప్రాక్టికల్స్ పోతే ఇంటరే పోద్ది. దిద్దుకో, పో."

నా పక్కనే కూర్చుని దిద్దుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నా పరుగంతా రబ్బరుతో చెరిపేసి, ఆ తప్పు అంకెలే ముత్యాల్లా రాసింది. ముప్పైకి ముప్పై వచ్చాయి. అప్పుడు నాకు ఆమె మీద కోపం రాలేదు.

పన్నెండేళ్ళకు ఆ బీరువా తాళం కోటేశ్వరి చేతికే వచ్చింది. అదే కాలేజీకి ఫిజిక్స్ లెక్చరరుగా వచ్చింది. సిగ్గు లేకుండా ఆశపడ్డాను. రికార్డులు రాసే రోజుల్లో ఒక పిల్ల అడిగింది. "మేడం, ఈ టేబుల్ ఏదో తేడాగా ఉంది. బండి తీసి చూద్దామా?"

కోటేశ్వరి బీరువా అద్దంలోంచి నా వైపు చూసింది. గుర్తుపట్టింది, నాకు తెలుసు.

"టైమెక్కడుందమ్మా? అందరూ రాసిందే రాసెయ్. మార్కులు పోగొట్టుకోకు."

పట్టాభిగారు ఏనాడూ నన్ను నడిపి చూడలేదు. తెలియక అన్నారనుకోవచ్చు. ఈమెకు తెలుసు. అదే నాకు మింగుడు పడలేదు.

ఆ వేసవిలో పనికిరాని సామాన్ల జాబితాలో నన్ను చేర్చి సంతకం పెట్టిందీ ఆమే. పాత సామాన్లవాడు ఖాళీ రిక్షాతో గేట్లోంచి ఉరుకుతూ వచ్చాడు. విరిగిన బెంచీలు, తుప్పు పట్టిన బీరువా ఎక్కించి, అన్నిటి మీదా నన్ను పడేశాడు. తొక్కితే కదల్లేదు. దిగి, భుజం ఆనించి, మెడ నరాలు పొంగేలా తోశాడు. చక్రం అంగుళం జరిగింది. కోటేశ్వరి వరండాలో నిలబడి చూస్తోంది.

"బరువెక్కువైంది మేడం, ఇక కదల్దు," అన్నాడు రొప్పుతూ.

పాపం, అతను మా రికార్డు చదవలేదు.