నీళ్ళు రాని చివర

నూజెండ్ల పక్కన సాగర్ కాలువ కింద త్రికోటేశ్వరరావుది ఆఖరి చేను. పైవాళ్ళు తడుపుకోగా మిగిలితే ఆయనకి, లేకపోతే లేదు. నీళ్ళు రాలేదని ఊరు ఊరంతా తిట్టిపోస్తుంటే, వచ్చాయంటే వణికిపోయే రైతు ఆయనొక్కడే. కాలువలో గలగల వినపడగానే గట్టెక్కి నిలబడతాడు. చనిపోయిన పెళ్ళాం రత్నకుమారి గొంతు చెవి పక్కనే వినపడుతుంది. "ఏమయ్యా, నీళ్ళు ఇక్కడిదాకా రావుగా?"

సునామీ వచ్చిన నాడు, పున్నమి అని ఊరివాళ్ళతో సముద్ర స్నానానికి వెళ్ళారు. రత్నకుమారికి అలలంటే భయం. సముద్రపు పాయ ఒకటి లోపలికంటా దూరి, సన్నబడి ఆగిపోయిన చోట ఆమెని మూటలతో కూర్చోబెట్టింది ఈయనే. ఆమె ఆ మాట అడిగింది అప్పుడే.

"చివరి భూమికి నీళ్ళు ఎప్పుడన్నా వచ్చినయ్యా ఏందే?" అని నవ్వాడు పెద్ద తెలిసినవాడిలా.

కూతురు ఇందిర అప్పటికే మిగతావాళ్ళతో తీరానికి ఉరికింది. ఈయనా వెనకే వెళ్ళాడు. సముద్రం లేచినప్పుడు తండ్రీ కూతుళ్ళు ఇసుకదిబ్బ ఎక్కి బతికారు. రత్నకుమారి బతకలేదు.

"పిల్ల ఎక్కడో విడిచిన చెప్పులు వెతకడానికి రత్నకుమారి అటు పోయింది" అని అందరికీ చెప్పాడు. నోటికి అదే వచ్చింది. సిగ్గులేని నోరు! తన చెప్పుల వల్లే అమ్మ పోయిందని నమ్మే ఇందిర పెరిగింది. నిజం చెబితే ఉన్న ఒక్క కూతురూ మొహం చూడదని ఇరవై ఏళ్ళుగా ఆయన నోరు కుట్టేసుకున్నాడు.

ఇందిర ఇప్పుడు నరసరావుపేటలో సైన్సు టీచరు. ఆదివారం మధ్యాహ్నం రేకుతొట్టి ఒకటి ఆటోలో వేసుకొచ్చింది. ఒక కొస రెండు మూరల వెడల్పు, రెండోది జానెడు.

"రేపు పిల్లలకి చూపించాలి నాన్నా. ఆ సన్న కొస పట్టుకో."

తొట్టిలో నీళ్ళు పోసి, వెడల్పు కొసన చెక్కతో ఒక్క తోపు తోసింది. వేలెడెత్తు అల. ఏముందిలే అనుకున్నాడు. అది దగ్గరికొచ్చేకొద్దీ ఎత్తు పెరిగి, అంచు దాటి ఆయన గుండెల మీద పడింది.

"చూశావా? పక్కలకి పోను చోటు లేక పైకి లేస్తది. సముద్రంలో లోతున్న చోట ఉరికొస్తది, మెరక తగిలితే ఇంకా పెరుగుద్ది. చివరన ఏం కాదులే అనుకుంటారు జనం. చానా ప్రమాదం అక్కడే." ఇందిర గొంతు తగ్గింది. "అమ్మ ఉన్నది కూడా అట్లాంటి చోటేగా."

చొక్కా ఒంటికి అంటుకుపోయింది. "ఏమయ్యా" అని మళ్ళీ వినపడింది. ఈసారి ఆ గొంతు అడగడం లేదు, జవాబు కోసం కాచుకుని ఉంది.

"అక్కడ కూర్చోబెట్టింది నేనేనమ్మా," అన్నాడు. "నీళ్ళు రావని చెప్పిందీ నేనే. చెప్పులూ లేవు, ఏమీ లేవు."

ఇందిర చెక్క కింద పెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ చెప్పుల మాట నువ్వు చెప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు నాన్నా," అంది ఇందిర.