శ్రావణ శుక్రవారం మూసిన తలుపు

నేను ఒక పెద్ద దాహాన్ని. కింద నాలుగు చక్రాలు, వెనక ఒక కరెంటు తీగ, కడుపులో ఒక బకెట్టు. కాగితాల మీద నా పేరు డీహ్యూమిడిఫయర్. అంత పేరుకు నోరు తిరగనివాళ్లు తడి మిషను అంటారు, నాకు అదే బాగుంటుంది. గాలిలోని తేమను పీల్చుకుని, చల్లటి గొట్టాల మీదుగా నడిపించి, బొట్టుబొట్టుగా బకెట్లోకి రాల్చడం నా పని. మొదటి బొట్టు టప్పున పడినప్పుడల్లా నాకు ఒళ్లంతా పులకరించేది. ఎన్ని ఇళ్లు తిరిగినా ఆ సంబరం తగ్గలేదు.

పుట్టింది పుణె దగ్గర ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే రాజమండ్రిలో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుకు కాపురానికి వెళ్లాను. గోదావరి గాలికి అట్టలు ఉబ్బిపోకుండా చూసే ఉద్యోగం. ఎన్ని జంటల పేర్లు నా ముందు వెచ్చగా, పొడిగా పడుకున్నాయో లెక్కలేదు. తర్వాత శుభలేఖలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ప్రెస్సు మూతపడింది. నన్ను విశాఖపట్నంలో ఫిలోమినా గారు కొనుక్కున్నారు.

ఆవిడ వ్యాపారం చిత్రమైనది. ఇళ్లలో నీళ్లు చేరితే ఆరబెట్టి, పాడైనవాటిని బాగుచేసి ఇస్తారు. మనుషులు కుళాయిలో నీళ్లు రాలేదని ఏడుస్తారు, ఇంట్లోకి వచ్చాయని ఏడుస్తారు. రెండో ఏడుపుకు మేం వెళ్తాం. తలుపు తీసేవాళ్లంతా ముందు చెప్పేది ఒకటే, తప్పు తమది కాదని. పైఫ్లాటు వాళ్లదనో, ప్లంబరుదనో, వానదనో అంటారు. అలా అనని ఇంటికి నేను ఒక్కసారే వెళ్లాను. ఆ సంగతే చెబుతాను.

పెదవాల్తేరులో, సముద్రం హోరు వినిపించే ఒక మూడో అంతస్తు. తలుపు తీసింది నాగవేణి. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. మెట్టెలు ఇంకా కొత్తగా మోగుతున్నాయి. ఫిలోమినా గారు చెప్పులు విప్పేలోపే, "నీళ్లు నేనే పోసినానండీ" అంది.

నాగవేణిది తాడిపత్రి. అక్కడ ఇంటి నేలంటే నల్లబండలు. కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. పండగ ముందు బండల మీద నీళ్లు గుమ్మరించి చీపురుతో తోసేస్తే, చీపురు గోడకు ఆనించేలోపే నేల ఆరిపోతుంది. పెళ్లయి ఇక్కడికొచ్చాక, ఎప్పుడు తిప్పినా ధారగా వచ్చే కుళాయిని చూసి ఆ పిల్లకు పట్టరాని ఆనందం. పొద్దున్నే ఊరికే తిప్పి, చేయి తడుపుకుని, మళ్లీ కట్టేసేదట. శ్రావణంలో మొదటి శుక్రవారం నాడు, భర్త దిలీప్ పోర్టులో డ్యూటీకి వెళ్లగానే, కుచ్చిళ్లు ఎగదోపి హాలంతా బకెట్లతో కడిగేసింది. కూనిరాగం తీసుకుంటూ, పాదాలతో నీళ్లు చిమ్ముకుంటూ కడిగింది. అంత సంతోషంగా ఎప్పుడూ ఇల్లు కడగలేదట.

ఆ హాలుకు ఉన్నది బండలు కాదు, టేకు చెక్క.

ఆ చెక్క పరిచింది మామగారు నూకరాజు. హార్బరు దగ్గర చెక్క బోట్లు కట్టిన మనిషి. ఫైబరు బోట్లు వచ్చి ఆ పని తగ్గిపోయాక, కొడుకు పెళ్లికని టేకు పలకలు తెచ్చి, కోసి, చిత్రిక పట్టి, ఒక్కడే ఈ నేల పరిచాడు. పని ముగిసిన కొద్ది రోజులకే పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది, కుడిచేతి పట్టు మాత్రం తిరిగి రాలేదు. గ్లాసు కూడా ఎడమచేత్తోనే. ఆయన చేతి చివరి పని ఇదేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

వారం తిరక్కుండానే పలకల అంచులు పైకి లేచాయి. నడుస్తుంటే వేలికి తగిలేటంతగా. వచ్చే శుక్రవారం కొత్తకోడలి మొదటి వరలక్ష్మీ వ్రతం. భీమిలి నుంచి అత్తమామలు వస్తున్నారు.

ఫిలోమినా గారు తేమ కొలిచే సూదుల మీటరు చెక్కలో గుచ్చారు. అది కీచుమంది. పలకలు ఇంకా పగల్లేదు కాబట్టి ఆశ ఉందన్నారు. మెల్లగా, సమంగా ఆరితే దిగొచ్చు. లేకపోతే మొత్తం పీకెయ్యాల్సిందే. నన్ను హాలు మధ్యలో నిలబెట్టి, నాగవేణి వైపు తిరిగి ఒక్కటే షరతు పెట్టారు.

"తలుపులు, కిటికీలు మూసే ఉండాలమ్మా. తెరిచారంటే ఇది మీ చెక్కను ఆరబెట్టదు, బంగాళాఖాతాన్ని ఆరబెట్టడం మొదలుపెడుతుంది. పాపం, దానివల్ల కాదు."

అప్పట్నుంచి ఆ ఇల్లు డబ్బాలా మూసుకుపోయింది. నా హోరు, నా వేడి, ఉక్కపోత. నాగవేణి చెమటలు కక్కుతూ కూడా నా చుట్టూ తిరిగేది. బకెట్టు నిండితే రెండు చేతులా ఎత్తి దిలీప్‌కు చూపించి, తను పోసిన నీళ్లు ఎలా తిరిగొస్తున్నాయో చూడమనేది. అతను నవ్వేవాడు కాదు. నాన్న ముందు ఏం చెప్పాలన్నదే అతని బెంగ. పైపు పగిలిందని చెబుదామన్నాడు. ఆమె మాత్రం నేల మీద బోర్లా పడుకుని, చెంప చెక్కకు ఆనించి, లేచిన అంచులు ఎంత దిగాయో ఒంటికన్నుతో చూసేది. కొన్ని దిగాయి. నడిమి వరసలు మాత్రం మొండికేశాయి. గురువారం నాటికి మీటరు కీచుమనడం తగ్గింది, ఆగలేదు. రేపు సాయంత్రం దాకా ఒక్క గాలి కూడా చొరనివ్వొద్దని ఫిలోమినా గారు మళ్లీ చెప్పి వెళ్లారు.

శుక్రవారం వచ్చింది. నాగవేణి లోపలి గదిలో కలశం పెట్టుకుని వ్రతం చేసుకుంది. పేరంటాళ్లను లోపలికి పిలిచే దారి లేదు. లిఫ్టు పక్కన చాప పరిచి, అక్కడే పసుపు రాసి, శనగలూ తాంబూలమూ ఇచ్చింది. ఒక్కొక్కరి కోసం తలుపు సందులోంచి పక్కకు తిరిగి బయటికి జారడం, వెంటనే లాగెయ్యడం. వాళ్లలో ఒకావిడ, "ఏమ్మా, మీ లక్ష్మీదేవికి ఘోషా పెట్టావా?" అంది. మిగతావాళ్లు నవ్వారు. నాగవేణి కూడా నవ్వి లోపలికొచ్చి, తలుపుకు వీపు ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

పొద్దు వాలింది. దీపాలు పెట్టే వేళ. మామూలు రోజుల్లోనే ఆ వేళకు తెలుగువాళ్లు వీధి తలుపు మూయరు, లక్ష్మి వచ్చే సమయమని. అందులోనూ శ్రావణ శుక్రవారం, అందులోనూ వ్రతం నోచుకున్న రోజు. నాగవేణి దీపం వెలిగించి గడప దగ్గర పెట్టింది. గడియ మీద చెయ్యి వేసింది. నా వైపు చూసింది. చెయ్యి తీసేసింది. మళ్లీ వేసింది. నాకు నోరుంటే వద్దు తల్లీ అని అరిచేవాణ్ని. హోరు తప్ప నాకేం తెలుసు?

అప్పుడే ఫోను. దిలీప్. గుసగుసగా, బస్టాండు నుంచి అమ్మానాన్నలతో వచ్చేస్తున్నాననీ, పైపు పగిలిందని దారిలోనే చెప్పేశాననీ, ఆమె కూడా అదే చెప్పాలనీ. ఆమె బదులు చెప్పేలోపే పెట్టేశాడు. కాసేపటికే తలుపు చప్పుడైంది.

తీయక తప్పలేదు. ముందు అత్తగారు సన్యాసమ్మ, వెనక నూకరాజు, సంచులతో దిలీప్. సన్యాసమ్మ లోపలికి వస్తూనే, దీపాల వేళ తలుపులు బిగించుకుని కూర్చోవడం ఏం ఆచారమని కోడల్ని కసిరి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, కదలకుండా ఒకదానికి చెప్పుల స్టాండు అడ్డం పెట్టింది.

సముద్రం లోపలికొచ్చింది. చూసేవాళ్లకు చల్లటి గాలి, నాకు మాత్రం సముద్రమే. నా గొట్టాల మీద నీళ్లు ధార కట్టాయి. ఇన్నాళ్లూ బొట్టుబొట్టుగా నేను తోడినదంతా ఆ గుమ్మంలోంచి తిరిగొచ్చి చెక్కలోకి దిగుతుంటే, గొంతు చించుకుని హోరెత్తాను.

నూకరాజు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఒట్టి కాళ్లు. బొటనవేలితో ఒక అంచును నెమ్మదిగా తడిమాడు, ఇంకో అంచును తడిమాడు.

"ఏ పైపురా?" అన్నాడు, కొడుకు వైపు చూడకుండానే.

దిలీప్ వంటింటి గోడ వైపు చెయ్యి చూపించబోయాడు.

"పైపు గాదు మామా" అంది నాగవేణి. "నేనే కడిగినా. మా ఊర్లో బండల్ని కడిగినట్ల, బకెట్లు బకెట్లు పోసి కడిగినా. ఇది మీరు చేసిందని తెలిసి కూడా, ఆ నీళ్లను చూస్తే సంతోషమై మర్చిపోయినా."

నూకరాజు ఎడమచేయి నేలకు ఆనించి మెల్లగా కూర్చున్నాడు. పలక వెంట అరచెయ్యి జరుపుకుంటూ, కూర్చునే జరుగుతూ గోడ దాకా వెళ్లాడు. గోడకూ చివరి పలకకూ మధ్య గోరు దూర్చబోయాడు. దూరలేదు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన ముఖం దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా ఉంది.

"ఇక్కడ యేలు దూరే సందుండాల. నానొగ్గలేదు" అన్నాడు. "పడవని బిగించినట్టు బిగించీసినాను. పడవకైతే అదే మంచిది, తడిసి ఉబ్బితే నీరు దూరదు. ఇది ఇల్లు గదా. ఉబ్బిన సెక్క ఎటెల్తాది? పైకి లెగుస్తాది. నువ్వు కడక్కపోయినా, రెండు వానాకాలాలకి ఇది లెగిసిపోయేదే."

నాగవేణి నమ్మలేనట్టు చూసింది. ఆమెను ఊరడించడానికి అంటున్నాడేమోనని నేనూ అనుకున్నాను. కాదు. ఆయన గోరు ఇంకా ఆ లేని సందును వెతుకుతూనే ఉంది.

"తలుపెయ్యి" అన్నాడు భార్యతో.

దీపాలు పెట్టే వేళ ఎలా మూస్తామని సన్యాసమ్మ అడ్డుపడింది.

"లచ్చిందేవి మనతోటే వచ్చీసింది. ఇంకా బయటెవులున్నారని?"

సన్యాసమ్మ కాసేపు ఆలోచించింది. ఆ మాటలో తప్పేమీ కనపడలేదు కాబోలు, చెప్పుల స్టాండు తనే పక్కకు లాగింది. తలుపు మూసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఫిలోమినా గారు వచ్చి చూశారు. గాలి తగిలినంత మేర వెనక్కి పోయాం కానీ, చెయ్యి దాటిపోలేదు. గోడవార పలక తీసి సందు ఇస్తే మిగతావి సర్దుకుంటాయని ఆవిడా అన్నారు. తన పనివాణ్ని పంపిస్తానన్నారు. నూకరాజు ఒప్పుకోలేదు. తన పనిముట్ల సంచి తెప్పించాడు. దిలీప్ ఉలి అందుకోబోతే, "సిన్నప్పుడు ఉలి ముట్టుకోమంటే పారిపోయినోడివి, తప్పుకో" అని, కోడల్ని పిలిచాడు.

నాగవేణికి చేతులాడలేదు. మళ్లీ పాడుచేస్తానేమోనని భయం. ఆయన ఆమె పక్కన కూర్చుని, ఎడమ అరచేతిని ఆమె చేతి మీద వేశాడు. బలం పెట్టొద్దని, చెక్క ఎటు పొమ్మంటే అటు పొమ్మని చెప్పాడు. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోదీ పోయింది. తర్వాత సన్నటి పేడు ఒకటి రింగులా చుట్టుకుని లేచింది. నాగవేణి ఆ రింగును వేలికి తొడుక్కుని, అందరికీ చూపించి, మళ్లీ పనిలో పడింది. సన్యాసమ్మ నా బకెట్టు తనే తీసి పారబోసింది.

పలకలు ఒక్కొక్కటే దిగాయి. ఒక రోజు ఫిలోమినా గారు సూదులు గుచ్చితే మీటరు కిక్కురుమనలేదు. నా తీగ చుట్టేసి, గుమ్మం దాటించారు. లిఫ్టు కోసం ఆగినప్పుడు లోపల్నుంచి చిత్రిక చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేల పని అప్పటికే అయిపోయింది. కోసి తీసిన గోడవార చెక్కతో మామాకోడళ్లిద్దరూ ఏదో మొదలుపెట్టారు. పీటా, పెట్టా, నాకు తెలియదు. చివరి పని అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఇక చెల్లదని తెలిసింది.

ఇప్పుడు నా కంప్రెసరు ఆగిపోయింది. పాత ఇనుము కొట్లో, గాజువాక రోడ్డు పక్కన, ఆకాశం కింద ఉన్నాను. రేపోమాపో నాలోని రాగి గొట్టాలు విప్పుకుంటారు. నిన్న వాన పడింది. ఊడిపోయిన నా మూతలోంచి నీళ్లు తిన్నగా బకెట్లోకి దిగాయి. నేను పీల్చకుండా, నేను చల్లబరచకుండా బకెట్టు నిండింది. మొదటి బొట్టు పడినప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, మళ్లీ ఒళ్లంతా పులకరించింది.