బండి పట్టని వంతెన

నార్మన్ గ్రీవ్స్ రోడ్డు మధ్యకు వచ్చి కర్ర నిలబెట్టేసరికి పాల లారీ బుస్సుమంటూ ఆగింది. కర్ర చివర పళ్ళెమంత పలక, దాని మీద 'ఆగండి, పిల్లలు' అని నల్లటి అక్షరాలు. మోకాళ్ళు దాటిన పసుపు కోటు మీంచి వాన కారుతోంది. ముక్కు కొసన ఒక చినుకు పడనా, ఉండనా అని వేలాడుతోంది. ఖాళీగా ఉన్న చెయ్యి ఊపి, "రండి రండి, దిక్కులు చూడకండి" అన్నాడు. బడిపిల్లలు బిలబిలమంటూ దాటారు.

కళ్ళు పిల్లల మీదే ఉన్నాయి గానీ, బుర్రలో మాత్రం ఇంకో వాన, ఇంకో దారి. స్పెయిన్ దేశంలో ఎక్కడో ఒక కొండవాగు, దాని మీద ఇరుకు రాతివంతెన. నెపోలియన్ సైన్యంలో వెనకబడిపోయిన గుప్పెడు మంది, గాయపడ్డవాళ్ళను వేసుకున్న ఒక బండి. తరుముకొస్తున్న ఇంగ్లీషువాళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రానికి ఆ పోరంతా చాపెల్ చర్చి హాల్లో బొమ్మ సిపాయిల ఆటగా బల్ల మీదికి ఎక్కాలి.

పిల్లల వెనకాలే గొడుగు వేసుకుని ఐవీ వచ్చింది. డెరిక్ భార్య. సంచీలో బ్రెడ్డూ, మాంసం కూరి కాల్చిన పైలూ ఉన్నాయి.

"మా ఆయన రానంటున్నాడు నార్మన్. సిపాయిల పెట్టె అటకెక్కించమన్నాడు. ఎక్కించేశాను."

"ఏమొచ్చిందట?"

"ఏమొచ్చిందేమిటయ్యా, చూశావుగా పోయినసారి! చెయ్యి వణికి వరసకి వరసంతా కూల్చేశాడు. మీ క్లబ్బు బాసిల్ ఒక్కో బొమ్మనీ లేవదీసి నిలబెడుతుంటే మనిషి సగమైపోయాడు. ఇంటికొచ్చి, రేపు నన్నూ ఇలాగే లేవదీసి కూర్చోబెడతారు అన్నాడు. ఆ రాత్రి ముద్ద ముట్టలేదు."

నార్మన్ ముక్కు తుడుచుకున్నాడు. "ఎలాగోలా తీసుకురా ఐవీ."

"తీసుకొచ్చే పూచీ నాది. కూర్చోబెట్టే పూచీ నీది. జాలి వాసన తగిలిందా, లేచిపోతాడు. మళ్ళీ ఆ గడప తొక్కడు. చెప్తున్నా."

ఆవిడ గొడుగు మలుపు తిరిగేదాకా నార్మన్ చూస్తూ నిలబడ్డాడు. వెనక కారువాడు హారన్ కొడితే గానీ తెలివి రాలేదు.

వాళ్ళిద్దరిదీ తివాచీల మిల్లులో మొదలైన స్నేహం. నార్మన్ తివాచీలు చుట్టి గోనెలో కుట్టేవాడు. డెరిక్ వడ్రంగి, మగ్గాలకు చెక్కపని చేసేవాడు. మిల్లు మూతపడ్డాక నార్మన్ బడిపిల్లల్ని రోడ్డు దాటించే ఈ కర్ర పట్టుకున్నాడు, డెరిక్ ఊళ్ళో తలుపులూ కిటికీలూ బాగుచేసుకున్నాడు. ఉద్యోగాలు పోయాయి గానీ గురువారం సాయంత్రం క్లబ్బులో ఈ ఆట మాత్రం పోలేదు. నార్మన్ భార్య మార్జరీని పాతిపెట్టిన వారం, అందరూ వచ్చి పెద్ద పెద్ద మాటలు చెప్పి వెళ్ళారు. డెరిక్ ఒక్కడే సిపాయిల పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. వంటింటి బల్ల మీద రెండు వరసలు పేర్చి, "నీ ఎత్తు" అన్నాడు. ఆ పూట నార్మన్ అన్నం తిన్నాడు. అలాంటి రుణం ఎక్కడని తీర్చుకుంటాడు మనిషి?

క్లబ్బులో తక్కినవాళ్ళకు పెద్ద యుద్ధాలంటే మోజు. బాసిల్ అయితే రెండు బల్లలు కలిపి, వేల సీసపు సిపాయిలు పేర్చి, పేర్చేసరికే పొద్దుగూకి, ఆడకుండానే ఇంటికి పోయేవాడు. నార్మన్ కల్పించేవి చిన్న ఘట్టాలు. ఒక బావి, ఒక గోడ, ఒక కోళ్ళగూడు. పక్షానికి ఇరవై మంది. టీ చల్లారేలోపు తేలిపోవాలి. "వాటర్లూ నువ్వు ఆడుకో బాసిల్. నాకు వాటర్లూ పక్క సందు చాలు" అనేవాడు.

చిన్నదే కష్టం, ఆ సంగతి కట్టినవాడికి తెలుస్తుంది. ఏ పక్షం తీసుకున్నవాడికైనా గెలుపు ఆశ ఉండాలి. పైగా ఆ క్లబ్బులో ఒక కట్టడి ఉంది: ఘట్టం కల్పించినవాడు ఆడకూడదు, ఎవరిది ఏ పక్షమో చెప్పకూడదు, పాచికలే చెప్పాలి. కాబట్టి డెరిక్‌కి కదలక్కర్లేని పక్షం ఇచ్చి కూర్చోబెడదామంటే కుదరదు. ఏది పడ్డా ఆ వణికే చెయ్యి ఆడగలగాలి, ఆడిస్తున్నట్టు తెలియకూడదు.

అందుకని వారం రోజులుగా నార్మన్ పాత ఓకు గుమ్మం కోసి చెక్కపీటలు చేశాడు. సిపాయిలను విడదీసి, నలుగురి చొప్పున ఒక్కో పీట మీద అతికించాడు. పీటల కింద బరువుకి ఇనుప వాషర్లు. ఇంగ్లీషువాళ్ళకూ అంతే, ఫ్రెంచివాళ్ళకూ అంతే. బండికి మరీ వెడల్పాటి పీట వేశాడు, పట్టు దొరకాలని. తన కళ్ళు మందగించాయి, విడి బొమ్మలు ఆనడం లేదు అని చెప్పుకుందామని అనుకున్నాడు.

పొద్దుటి కాపలా ముగించుకుని ఇంటికొచ్చి తాకి చూస్తే బండికింద జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. సరేలే అని కాగితం ముక్కలతో ఆడి చూసుకున్నాడు. ఆయన పద్ధతి చిత్రంగా ఉండేది. వంటింటి బల్లకు అటు ఇంగ్లీషు కుర్చీ, ఇటు ఫ్రెంచి కుర్చీ, రెండు కప్పుల టీ. ఇంగ్లీషు కప్పులో పంచదార లేదు, ఫ్రెంచి కప్పులో రెండు చెంచాలు. ఈ కుర్చీలో పన్నిన ఎత్తు ఆ కుర్చీలోకి పోగానే మర్చిపోవాలి. మర్చిపోయేవాడు కూడా! ఒకసారి బండి దక్కింది, ఒకసారి చిక్కింది. మూడోసారి వెంట్రుకవాసిలో దక్కింది. అరచేతులు రుద్దుకున్నాడు.

మధ్యాహ్నం బడి వదిలేవేళ మళ్ళీ కర్ర పట్టుకున్నాడు. ఒక బుడ్డది రోడ్డు మధ్యలో బూట్ల సంచి జారవిడిచి, వెనక్కి తిరిగి కూర్చుంది ఏరుకోవడానికి. అవతల బస్సు గుర్రుమంటోంది.

"సంచి ఎక్కడికీ పోదు తల్లీ, ముందు నువ్వు రా!"

"మా అమ్మ తిడుతుంది తాతా!"

"మీ అమ్మ సంచిని కనలేదు, నిన్ను కన్నది. నడు."

పిల్లను గట్టెక్కించి, తనే వెళ్ళి సంచి తెచ్చిచ్చాడు. కుంటుకుంటూ.

సాయంత్రం చాపెల్ హాల్లో గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాలు టకటకమంటున్నాయి. బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి, క్లబ్బు బీరువాలోంచి పాత వంతెన తీసి పెట్టాడు నార్మన్. అప్పుడే తలుపు తీసుకుని డెరిక్ వచ్చాడు, వెనక ఐవీ. రెండు చేతులూ కోటు జేబుల్లో కుక్కుకున్నాడు.

"ఉండను. మా ఆవిడ పోరు పడలేక వచ్చా. చూసి పోతా."

"చూడు, ఎవరొద్దన్నారు? పాచిక మాత్రం వెయ్యి" అన్నాడు బాసిల్.

డెరిక్ ఒక చెయ్యి బయటికి తీశాడు. పాచిక దొర్లింది. బండి పక్షం ఆయనకే పడింది. పోదామన్న మనిషి కుర్చీ లాక్కున్నాడు. ఒక పీట పట్టుకుని, పైకెత్తి, తిప్పి వాషర్లు చూశాడు.

"ఏమిట్రా ఇది? సిపాయిల కాళ్ళకి రోకళ్ళు కట్టావు?"

"నా కళ్ళు పోతున్నాయిరా. విడి బొమ్మలు ఆనట్లేదు" అన్నాడు నార్మన్, గుడ్డ మడతలు సవరిస్తూ.

డెరిక్ పీటను బల్ల మీద దించాడు. నమ్మాడో లేదో తెలియలేదు. ఆట సాగింది. పీటలు కదిలాయి, ఒక్కటీ పడలేదు. వంతెన ముందున్న రాతిగోడ చాటున ఫ్రెంచివాళ్ళు గట్టిగా నిలబడ్డారు. ఇంగ్లీషు పక్షం పడ్డ బాసిల్ గొణుగుతూ ఒక్కో పీటే ముందుకు జరుపుతున్నాడు. బండి వంతెన దగ్గరికి వచ్చింది. డెరిక్ దాన్ని వంతెన మీదికి తోశాడు.

ఇరుక్కుంది.

ఇంకాస్త తోశాడు. కదల్లేదు. వంతెనకు అటూ ఇటూ ఉన్న పిట్టగోడల మధ్య బండి పీట పట్టలేదు. నార్మన్ వంగి చూశాడు. కాగితం ముక్క పట్టింది గానీ, పీట పట్టేదీ లేనిదీ చూసుకోనే లేదు!

డెరిక్ బండినీ చూశాడు, వంతెననీ చూశాడు, నార్మన్‌నీ చూశాడు.

"కళ్ళు పోయాయన్నావే. బండి నా కోసం వెడల్పు చేశావు. మరి వంతెన చెయ్యొద్దూ, వెధవా?"

ఐవీ గొడుగు అందుకోబోయింది, ఇక లేస్తాడని. అంతలో డెరిక్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వు! కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఆట రద్దు చేద్దాం. తప్పు నాది" అన్నాడు నార్మన్.

"రద్దేమిటి? బండి నీది, మనుషులు నా వాళ్ళు. బండి ఇక్కడే వదిలేస్తా. గాయపడ్డవాళ్ళు దిగి నడుస్తారు. ఒప్పుకుంటావా, బాసిల్?"

బాసిల్ గడ్డం గోక్కుని, "యుద్ధంలో ఎన్ని చూడలేదు? కానియ్యి" అన్నాడు.

బండిలో ఉన్నవి విడి బొమ్మలు. వేలెడంత లేవు. వాటికి పీటలూ లేవు, వాషర్లూ లేవు. ఎవరూ చెయ్యి చాపలేదు. డెరిక్ ఒకణ్ణి రెండువేళ్ళతో పట్టి వంతెన మీద దించాడు. నిలబడ్డాడు. రెండోవాణ్ణి దించాడు. చెయ్యి వణికింది, వాడు పక్కవాణ్ణి కూడా పడేశాడు. నార్మన్ వేళ్ళు వాటంతటవే ముందుకు వచ్చాయి. వెనక్కి లాక్కున్నాడు.

"గాయపడ్డవాడు పడడా ఏం?" అన్నాడు డెరిక్ తాపీగా. "లేస్తాడు, ఉండండి." తనే లేవదీశాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఐవీ టీలు పోసింది.

చివరి పందెంలో ఆరు పడితే గానీ గోడ నిలవదు, గాయపడ్డవాళ్ళు గట్టెక్కరు. డెరిక్ గుప్పిట్లో పాచిక గలగలలాడింది. ఆరు!

"అంతసేపు ఊపితే ఆరు పడక ఏం చేస్తుందయ్యా? మోసం ఇది" అన్నాడు బాసిల్.

"దేవుడు ఊపుతుంటే నన్నేం చెయ్యమంటావు?"

అటకమీది పెట్టె ఆ రాత్రే కిందికి దిగింది.

ఆ చలికాలం దాటకముందే, ఒక ఆదివారం మధ్యాహ్నం నార్మన్ వెళ్ళిపోయాడు. మాంసం పైలు ఇద్దామని పోయిన ఐవీకి ఫ్రెంచి కుర్చీలో కనిపించాడు, బల్లమీద తల వాల్చి. తీపి టీ సగం తాగి ఉంది. బాధపడ్డ జాడ లేదు, పక్క కుర్చీలోకి మారేముందు కాస్త ఆలోచిస్తున్నట్టు ఉన్నాడట. ఇప్పుడు ఆ కర్ర పట్టుకుని ఒక అమ్మాయి నిలబడుతోంది. లారీలు ఆమెకూ ఆగుతున్నాయి.

క్లబ్బులోకి కొత్తగా ఎవరొచ్చినా డెరిక్ మొదట ఆ వంతెన ఘట్టమే ఆడిస్తాడు. చేతులు జేబుల్లో పెట్టుకోడు. వంతెన వెడల్పు చేయిద్దామని బాసిల్ ఒకసారి అంటే, "ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది" అన్నాడు. ఆట ముగిశాక సిపాయిలందరూ పెట్టెలోకి పోతారు. బండిని మాత్రం ఎవరూ తియ్యరు. వంతెనకు ఇవతల, బరువైన ఓకు పీట మీద, అంచున జిగురులో నార్మన్ బొటనవేలి ముద్రతో అది అలాగే ఖాళీగా నిలబడి ఉంటుంది.