అరవై రెండు పచ్చబిళ్లలు

సముద్రం మధ్యలో ఉద్యోగమంటే ఒడ్డునున్నవాళ్లకి భలే మోజు. రోజూ సముద్రం చూడొచ్చు కదా అంటారు. చూడ్డానికి తీరికెక్కడ? నాలుగు ఇనప కాళ్ల మీద నిలబెట్టిన గ్యాసు ప్లాట్‌ఫారం అది. పగలు పన్నెండు గంటలో, రాత్రి పన్నెండు గంటలో పని. మిగతా పన్నెండూ కిటికీ లేని గదిలో మంచం. ఇలా నాలుగు వారాలు గడిస్తేగానీ ఇంటికి తీసుకెళ్లే హెలికాప్టరు రాదు.

వెల్డరుది పగటి డ్యూటీ. అతని బామ్మర్దిది రాత్రి డ్యూటీ, తుప్పు గీకి రంగులేసే పని. పెళ్లాం పోరు పడలేక వెల్డరే నలుగురి కాళ్లావేళ్లా పడి వాడికి ఈ పని ఇప్పించాడు. ఇద్దరిదీ ఒకటే గది. వాడికి పగటిపూట ఒక పట్టాన నిద్ర పట్టదు. పట్టిందా, ఇక ఒళ్లు తెలియదు.

వారానికోసారి సైరన్ ప్రాక్టీసు ఉంటుంది. సైరన్ మోగగానే నిద్రపోయేవాళ్లతో సహా అందరూ లైఫ్‌బోటు దగ్గరికి పరుగెత్తాలి. అక్కడ బోర్డు మీద మనిషికొక బిళ్ల వేలాడుతుంది. ఒకవైపు ఎరుపు, ఒకవైపు పచ్చ. వచ్చినవాడు తన బిళ్లని పచ్చవైపుకి తిప్పాలి. సేఫ్టీ ఆఫీసరు బోర్డు చూస్తాడేగానీ మనుషుల్ని లెక్కపెట్టడు. ఈ సంగతి కనిపెట్టింది బామ్మర్దే.

"బావా, నా బిళ్ల కూడా నువ్వే తిప్పెయ్యవా? మధ్యలో లేస్తే మళ్లీ కన్ను మూతపడదు. నీకు పుణ్యముంటుంది."

"నీ పుణ్యం పాడుగాను! దొరికామంటే ఇద్దర్నీ ఒకే హెలికాప్టర్లో ఇంటికి తోలేస్తారు."

"అక్క సంతోషిస్తుందిలే."

అలా తిట్టుకుంటూనే ఎనిమిదిసార్లు తిప్పాడు. చెయ్యి దానంతటదే రెండు బిళ్లలు తిప్పడం నేర్చేసుకుంది.

ఆ రోజు పొద్దున పదకొండింటికి సైరన్ మోగింది. వెల్డరు అందరితో పాటు వచ్చి, పక్కవాడితో ఏదో వాగుతూ రెండు బిళ్లలూ తిప్పేశాడు. ప్రాక్టీసైతే రెండు నిమిషాల్లో మోత ఆగాలి. ఆగలేదు. కంప్రెసర్ల వైపు నుంచి నల్లటి పొగ లేచింది. గాలి ఆ పొగనంతా పడకగదుల మీదికి తోస్తోంది.

సేఫ్టీ ఆఫీసరు బోర్డు చూసి రేడియోలో చెప్పాడు. "అరవై రెండుమందీ వచ్చేశారు. లోపల ఎవరూ లేరు. తలుపులన్నీ మూసెయ్యండి."

వెల్డరు గబగబా మొహాలు వెతికాడు. అందరికీ ఒకటే హెల్మెట్టు, ఒకటే జాకెట్టు. ఈ మోతకి చచ్చినవాడైనా లేస్తాడు, వాడు వెనకెక్కడో నక్కి ఉంటాడని సర్దిచెప్పుకున్నాడు. నోరు తెరిస్తే ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా. ఇంకొక్కసారి చూద్దామనుకున్నాడు. చూశాడు. మళ్లీ మొదటినుంచి చూశాడు.

ఐదు నిమిషాలు గడిచాక గానీ అతని నోరు పెగల్లేదు.

"సార్! మావాడు రాలేదు సార్! వాడి బిళ్ల నేనే తిప్పాను!"

సేఫ్టీ ఆఫీసరు తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. ఇద్దరికి గాలి సిలిండర్లు తగిలించి లోపలికి పంపాడు. వాళ్ల వెనకే వెల్డరు పరుగెత్తబోతే నలుగురు పట్టుకుని ఆపారు.

వాడు మంచం మీద లేడు. మెట్ల కింద, మూసిన తలుపు దగ్గర దొరికాడు. కాళ్లకి బూట్లున్నాయి. లైఫ్ జాకెట్టు పట్టీలన్నీ సరిగ్గా బిగించుకున్నాడు. పొగలో గొళ్లెం కోసం తడుముకున్న చేతి గుర్తులు తలుపంతా మసిలో ఉన్నాయని తెచ్చినవాళ్లు చెప్పారు.

సాయంత్రం మంటలు ఆరాక ఇంటికి ఫోన్ కలిపి ఇచ్చారు. ఆఫీసువాళ్లు విషయం అప్పటికే చెప్పేశారు. ఏడ్చి ఏడ్చి పెళ్లాం గొంతు బొంగురుపోయింది.

"ఏవండీ, నిద్రలోనే పోయాడా వాడు? ఏమీ తెలియకుండా పోయాడని ఒక్క మాట చెప్పండి. అది చాలు నాకు."

ఔనంటే సరిపోయేది. ఆమెకీ కాస్త ఊరట, అతనికీ జన్మంతా దాక్కునేందుకు చోటు. వెల్డరు ఆ మాట కోసం నోరు తెరిచాడు. అది రాలేదు.

"లేదే. లేచాడు. బూట్లు కూడా వేసుకుని తలుపుదాకా వచ్చాడు. వాడు బయటికి వచ్చేశాడని వాళ్లకి చెప్పింది నేనే."