అర పాయింటు

సిల్వియాకి చెస్ రేటింగ్ వచ్చిన వారం, ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆ అంకె చదివి వినిపించారు. పదిహేను వందల ముప్పై ఎనిమిది. అది ఎక్కువో తక్కువో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు. నెల్సన్ మాత్రం పాటల పుస్తకం తెరిచి, అప్పుడే పాడేసిన పాటని మళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అతని భార్య పెర్సిస్ అది చూసింది.

కూతురికి ఆట నేర్పింది నెల్సనే. తాడేపల్లిగూడెంలో వాళ్ళ అద్దె ఇంటి వరండాలో, అయిదేళ్ళ పిల్లని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి నేర్పాడు. ఇప్పుడు దానికి పన్నెండు. ఇంట్లో ఆడితే ఇప్పటికీ ఎక్కువసార్లు అతనే గెలుస్తాడు. కానీ ఇంటర్నెట్లో పేరూ అంకే ఉన్నది కూతురికి.

పెంటపాడు దగ్గర ఒక స్కూల్లో లెక్కల మాస్టారతను. ఎవరో వస్తే హెడ్మాస్టరు అతన్ని "సిల్వియా వాళ్ళ నాన్నగారండీ" అని పరిచయం చేశాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి టీ కూడా ముట్టలేదు.

పక్కింటి రహీమా ఊరుకుంటుందా. "ఏం మాస్టారూ, అమ్మాయికి నంబరొచ్చిందంటగా. మరి మీకెప్పుడండీ?" అంది గోడ మీంచి.

"మా చిన్నప్పుడు ఈ టోర్నమెంట్లెక్కడివమ్మా. ఉంటే తెలిసేది."

"ఇప్పుడున్నాయి కదండీ."

ఆవిడ నవ్వుతూ అన్న మాట అతను వదల్లేదు. వేసవిలో ఏలూరు టోర్నమెంటుకి కూతురి పేరు పక్కనే తన పేరూ ఇచ్చొచ్చాడు. అప్పటినుంచి కూతురితో ఆడటం మానేశాడు. అది బోర్డు పట్టుకొస్తే, "నాకెందుకులే, రేటింగున్న దానివి. నీ స్థాయివాళ్ళని చూసుకో," అనేవాడు, నవ్వుతున్నట్టే.

ఏలూరులో ఆట ఒక కల్యాణ మండపంలో పెట్టారు. రేటింగ్ ఉన్నవాళ్ళతో ఆడి కనీసం ఒక్క పాయింటు తెచ్చుకుంటే గాని నెల్సన్‌కి రేటింగ్ రాదు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. ఆఖరి రౌండు మిగిలేసరికి అతని దగ్గర అరే ఉంది. గోడకి అంటించిన కాగితంలో అతని పేరుకి ఎదురుగా కూతురి పేరు పడింది. ఆ ఆట గెలిస్తే అమ్మాయిల కప్పు సిల్వియాది. స్టేజీ మీద ఆ కప్పుని అది పొద్దుటినుంచీ చూస్తూనే ఉంది.

భోజనాలయ్యాక పెర్సిస్ కూతుర్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

"డాడీకి అర పాయింటు తక్కువైందంట."

"తెలుసు."

"నువ్వు గెలిస్తే ఇంట్లో ఎలా ఉంటుందో అదీ తెలుసుగా."

సిల్వియా కుళాయి కట్టేసింది. "కప్పు పోతుంది మమ్మీ."

"కప్పుదేముందమ్మా, ఇంకా బోలెడొస్తాయి."

"ఓడిపోమంటావా?"

"ఓడిపోమని నేనన్నానా? ఆయన మొహం చూడలేకపోతున్నాను, అంతే."

ఆట జరుగుతుంటే పెర్సిస్ కిటికీ దగ్గర నిలబడింది. ఆమెకి ఆట తెలియదు, మొగుడి చెవులు తెలుసు. ఓడిపోతుంటే ఎర్రబడతాయి. ఆ మధ్యాహ్నం కందిపోయినట్టు ఉన్నాయి. అంతలో సిల్వియా ఒక ఎత్తు వేసి, ముందుకి వంగి ఏదో అంది. నెల్సన్ బోర్డుని చాలాసేపు చూసి చెయ్యి చాపాడు. డ్రా. కప్పు ఇంకో అమ్మాయి పట్టుకెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అతని నోరు ఆగలేదు. "నా ఏనుగు అక్కడికొచ్చేసరికి దీనికి భయం పట్టుకుంది. లేకపోతే తనంత తను డ్రా అడుగుతుందా?"

సిల్వియా కిటికీ చువ్వలకి నుదురు ఆనించి చేపల చెరువులు చూస్తోంది. పెర్సిస్ దాని జడ సవరించబోతే తల పక్కకి తీసుకుంది.

కొత్త రేటింగ్ లిస్టు వచ్చిన సాయంత్రం నెల్సన్ కొల్లేటి కొరమేను తెచ్చాడు. వరండాలో నిలబడి, కామవరపుకోటలో ఉన్న పెర్సిస్ అన్న సత్యవేదానికి ఫోన్ చేశాడు. "పదిహేను వందల అరవై ఒకటి బావా. అమ్మాయికన్నా ఇరవై మూడు ఎక్కువ. ఎంత నేర్చినా నేర్పినవాడి తర్వాతే కదా." అక్కడితో ఆగకుండా ఏలూరు డ్రా ఎలా సాధించాడో ఎత్తు ఎత్తుకీ చెప్పాడు.

ఫోన్ పెట్టేసేసరికి సిల్వియా ఎత్తుపీట వేసి బోర్డు సర్దేసింది.

"ఆడదాం డాడీ."

అతని మొహం వెలిగింది. "రా మరి. ఇప్పుడు ఇద్దరం సమానం."

"సమానమేంటి, నువ్వే ఎక్కువ కదా."

మొదటి ఆట తొందరగానే అయిపోయింది. రెండోది ఇంకా తొందరగా. వంటింట్లోకి ఒక్క మాట కూడా వినపడకపోతే పెర్సిస్ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. సిల్వియా మళ్ళీ పావులు సర్దుతోంది. నెల్సన్ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"తలనొప్పిగా ఉందమ్మా. రేపాడదాం."

"ఇదొక్కటే."

మూడోది సగంలో ఉండగా నెల్సన్ ఏనుగు మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఎటు జరపాలో తెలియడం లేదు.

"డ్రా కావాలా డాడీ?" అంది సిల్వియా నెమ్మదిగా. "ఏలూర్లో ఇచ్చాను కదా, అలా."

నెల్సన్ ముందు బోర్డుని చూశాడు. తర్వాత కూతుర్ని. ఆ తర్వాత గుమ్మంలో ఉన్న భార్యని.

"నువ్వు చెప్పావా?" అన్నాడు.

"పులుసు చల్లారిపోతుంది, లేవండి," అంది పెర్సిస్.

ఎవరూ లేవలేదు.

"ఎత్తు నీదే డాడీ," అంది సిల్వియా.