దొండతీగల పంపకం

అమెరికాలోని మోరిస్‌విల్‌కు పడమరగా, కారులో అరగంట దూరంలో ఉన్న ఆ పొలాన్ని కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి కౌలుకు తీసుకున్నాయి. ఆ ఏడాది అక్కడ దొండపాదులు విరగకాశాయి. దొండను విత్తనంతో పెంచరు. కాయలు కాసే తీగను ముక్కగా కోసి నాటితేనే కాయలు కాసే మరో తీగ వస్తుంది. కనుక చలికాలం దాటి తీగలు బతికితే వచ్చే వేసవికి పంట ఉంటుంది, బతకకపోతే ఉండదు. పంట ఉంటేనే కౌలు కొనసాగించాలని, లేకుంటే ఎవరి దారి వారు చూసుకోవాలని దసరాకు ముందు జరిగిన సమావేశంలో అందరూ ఒప్పుకున్నారు.

ఆ ఒప్పందానికి లోలోపల భయపడింది గీతాంజలి ఒక్కతే. ఆమె బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివింది. భర్త వీసా మీద వచ్చినందువల్ల ఈ దేశంలో ఉద్యోగం చేసే అనుమతి లేదు. మిగిలినవారికి పొలం వారాంతపు సంతోషం. ఆమె చదువుకు మాత్రం అది మిగిలిన ఒకే ఒక చోటు.

తీగల మీద ఇనుప పైపుల కమానులు వేసవిలోనే నిలబెట్టారు. వాటిమీద పెద్ద పాలిథిన్ షీటు కప్పాలి. గాలి లేని ఉదయం, అందరూ ఒక్కసారిగా లాగవలసిన పని అది. మొదట అనుకున్న శనివారం గీతాంజలి భర్త దివాకర్‌కు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మరుసటి శనివారం, కౌలులో భాగమున్న రేణు కూతురి డాన్స్ ప్రోగ్రాం. ఆపై వాన. ఈ వాయిదాలన్నిటి ఫలితంగా, ఆ రాత్రే గడ్డకట్టే చలి వస్తుందన్న హెచ్చరిక వెలువడ్డాక, ఒక గురువారం మధ్యాహ్నం, లంచ్ సమయంలో, గాలి లేస్తుండగా ఆ పనికి దిగవలసి వచ్చింది.

"ఫోన్లన్నీ ఈ బకెట్‌లో పెట్టేయండి. కాసేపే," అంది గీతాంజలి.

"ఇవాళ మాత్రం వద్దు గీతా," అన్నాడు దివాకర్. "లేఆఫ్స్ అంటున్నారు. కంపెనీ అంతటికీ ఆల్ హ్యాండ్స్ మీటింగ్ నడుస్తోంది. మ్యూట్‌లో పెట్టి వింటాం. చేతులు ఖాళీయేగా."

"చెవులు కూడా కావాలి."

"రెండున్నాయి కదక్కా. ఒకటి ఆఫీస్‌కి, ఒకటి నీకు," అన్నాడు చైతన్య. దివాకర్ టీమ్‌లోనే పనిచేసే కుర్రాడు అతను.

"పెళ్ళి కాలేదుగా అబ్బాయ్, అందుకే రెండూ నీవే అనుకుంటున్నావు," అన్నాడు బ్రహ్మయ్య. రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్న ఆయన ఒక్కడికే ఆ రోజు ఏ మీటింగూ లేదు.

అందరూ నవ్వారు. గీతాంజలి బకెట్‌ను పక్కకు నెట్టింది. జీతం లేని చోట ఆజ్ఞ చెల్లదని ఆమెకు తెలుసు.

షీటు అంచులో టెన్నిస్ బంతులు చుట్టి, వాటికి తాళ్ళు బిగించి, తాళ్ళను కమానుల మీదుగా అవతలికి విసిరారు. బ్రహ్మయ్య "హైలెస్సా" అన్నాడు. అందరూ లాగారు. షీటు కదిలింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ లాగారు. షీటు శిఖరం దాకా ఎక్కి, కింది తీగల మీద తెల్లటి వెలుగు పరచింది. ఇంకో మూడు లాగుళ్ళలో అయిపోతుందని గీతాంజలి నమ్మింది.

అప్పుడు చైతన్య ఫోన్ మోగింది. ఒక చేత్తో తాడు పట్టుకునే చూశాడు. హెచ్‌ఆర్ నుంచి మీటింగ్‌కు పిలుపు. అతని ముఖం చూసి పక్కనున్న దివాకర్ తన ఫోన్ తీశాడు, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే టీమ్. దానిలో పిలుపేమీ లేదు. పక్కపక్కనే రెండు తాళ్ళు వదులయ్యాయి. ఆ సందులోంచి గాలి దూరింది.

"వదిలేయండి! అందరూ వదిలేయండి!" అని అరిచింది గీతాంజలి.

అందరూ వదిలారు, రేణు తప్ప. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఆమె రెండు చెవుల్లోనూ తన మేనేజర్ గొంతే ఉంది. తన వంతు గట్టిగా నిలబెడుతున్నాననుకుని తాడును ఇంకా బిగించింది. ఒకే మూల బిగిసి ఉన్న షీటు గాలికి ఎగిరి, పైపు కొనకు తగిలి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చిరిగిపోయింది.

అందరూ చిరుగును పరిశీలిస్తుండగా చైతన్య ఫోన్‌తో దూరంగా వెళ్ళి వచ్చాడు.

"టేప్ వేద్దామా?" అన్నాడు దివాకర్.

"దేనికి వేస్తారు?" అంది గీతాంజలి.

"అక్కా, నా వల్లే..." అన్నాడు చైతన్య.

"నీ ఒక్కడి వల్ల కాదు. నీ మీటింగ్ ఎప్పుడు?"

"అయిపోయింది. ఉద్యోగం లేదని రెండు ముక్కల్లో చెప్పేశారు. లాప్‌టాప్ కూడా లాక్ చేశారట."

గీతాంజలి ఆకాశం చూసింది, తీగలను చూసింది. మార్గం ఒక్కటే ఉంది. తీగలను ముక్కలుగా కోసి ఇంటింటికీ పంచితే, కిటికీల దగ్గర కుండీల్లో బతుకుతాయి. అయితే ఇంటింటా దొండపాదు ఉన్నాక, వేసవికి ఎవరి పెరట్లో వారికి పందిరి లేస్తుంది. అరగంట ప్రయాణం చేసి ఇక్కడికి ఎవరు వస్తారు? కోయకపోతే తెల్లవారేసరికి అన్నీ నల్లబడతాయి. ఎటు చూసినా పొలం పోయినట్టే. తీగలైనా మిగలాలి. ఆమె కత్తెర తీసుకుంది.

చైతన్య ఫోన్‌ను కారులో పడేసి వచ్చి, ఆమె పక్కన కూర్చుని కోయసాగాడు. కణుపు కింద ఏటవాలుగా, ఒక్క తీగా నలగకుండా కోశాడు. ఆ రోజంతటిలో పూర్తి ధ్యాసతో పనిచేసింది అతనొక్కడే. దానికి కారణం తలచుకునేసరికి గీతాంజలి చేయి ఆగిపోయింది.

"నువ్వూ ఒక కట్ట తీసుకో."

"నాకెందుకక్కా? ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది, ఎక్కడుంటానో ఏంటో. అయినా దొండకాయలు దొరకని ఊరికి పోతున్నానా?" అన్నాడు నవ్వబోయి. నవ్వు రాలేదు.

మిగిలినవారు తడిగుడ్డల్లో చుట్టిన కట్టలను కార్లలో సర్దుకున్నారు. రేణు ఎరుపెక్కిన కళ్ళతో వచ్చింది.

"వేసవిలో తెచ్చి మళ్ళీ ఇక్కడే నాటుదాం కదూ గీతాంజలి గారూ?" అని, కాసేపాగి, "మా బ్యాక్‌యార్డ్‌లో కూడా ఎండ బాగా తగులుతుందనుకోండి," అంది.

గీతాంజలి ఆ రెండో మాటను విన్నది. విననట్టే కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"రెండు కణుపులు మట్టిలోకి దిగాలి. కుండీ అడుగున రంధ్రం ఉండాలి. మట్టి పైన ఆరాకే నీళ్ళు పోయండి," అని చెప్పింది.

కారు కదిలాక తరువాతి కారు దగ్గరికి వెళ్ళి, అదే మాట మొదటినుంచి, ఒక్క ముక్క తగ్గకుండా మళ్ళీ చెప్పింది.