ట్యాంకు మూత తాళంచెవి

ఆ ఉదయం ఆయన లారీ కింద దూరడం అది నాలుగోసారి. డీజిల్ పైపు పొడవునా తడిమాడు. క్లిప్పులన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాడు. ఎక్కడా తడి లేదు, ఎక్కడా వదులు లేదు. ఆయన బాధంతా అదే. ఒక్క చుక్క కారుతూ కనబడినా తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరగడం?" అంది భార్య గుమ్మంలోంచి. "టీ మూడుసార్లు వేడిచేశాను. నాలుగోసారి నేనే వేడెక్కుతాను."

"వస్తున్నా, వస్తున్నా," అంటూ ఆయన అటు ఒక అడుగు వేసి, మళ్లీ ట్యాంకు దగ్గరికే వెళ్లాడు.

ఇరవై రెండేళ్లు ఆ లారీని ఆయనే నడిపాడు. కొండ దారిలో ఒక్కసారి కూడా ఆగలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. పోయినేడు కళ్లు మొరాయించాయి. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు కరాఖండిగా చెప్పేశాడు. నాలుగేళ్లుగా ఒక కంపెనీలో వ్యాను నడుపుతున్న కూతురు, "నేను నడుపుతాను నాన్నా," అంది. ఆయనకి ఏనుగెక్కినంత సంబరమయింది. కానీ పైకి మాత్రం, "చూద్దాంలే," అన్నాడు. ఆయన తీరే అంత.

బండి చేతికిచ్చే ముందు, పిల్ల దారిలో ఇబ్బంది పడకూడదని లారీ మేస్త్రీ షెడ్డులో పదిరోజులు మకాం వేశాడు. పాత ట్యాంకు లోపల తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. దాన్ని పీకేసి కొత్తది కట్టించాడు. డీజిల్ పీల్చే గొట్టాన్ని అడుగుకి రెండు వేళ్ల ఎత్తులో ఆపించాడు, అడుగున చేరే మడ్డి ఇంజనులోకి పోకుండా. ఆ మడ్డి వదిలించడానికి కింద ఒక బిరడా పెట్టించాడు. సైలెన్సరు వేడికి ఎండిపోతున్న పైపుల్ని తీసేసి, కొత్తవి అవతలి పక్కనుంచి తిప్పించి జానెడుకొక క్లిప్పు బిగించాడు. నీళ్లను వేరుచేసే ఫిల్టరొకటి కొత్తగా వచ్చింది. పదిహేనేళ్ల క్రితం చచ్చిన డీజిల్ మీటరుకి బదులు ముచ్చటైన కొత్త మీటరు వచ్చింది.

మూత మాత్రం పాతదే. మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. "ఇంత చేసి ఈ తాతలనాటి మూతేంటి బావా?"

"తాళం మూత అది. దాన్ని తీసే దొంగ ఇంకా పుట్టలేదు," అని దాని తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. బండి తాళాలు కూతురికిచ్చాడు కానీ ఆ ఒక్కటీ ఇవ్వలేదు. డీజిల్ తనే దగ్గరుండి పోయించి, మూత తనే బిగించి పంపేవాడు.

కొండమీద కట్టే పంపుహౌసుకి ఇనుప పైపులు చేర్చడం కూతురికి దొరికిన మొదటి పని. మొదటి ట్రిప్పులో మూడో మలుపు దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. అరగంట తర్వాత, ఎవరూ ఏమీ చేయకుండానే స్టార్టయింది. రెండో ట్రిప్పులోనూ అదే మలుపు, అదే దగ్గు. మేస్త్రీ పైపులన్నీ విప్పి ఊది చూశాడు. ఏ లోపమూ దొరకలేదు. బండిలో లోపం లేకపోతే ఇక మిగిలిందెవరు? రాత్రి అన్నాల దగ్గర ఆయన నోరు ఊరుకోలేదు.

"నీకింకా చెయ్యి తిరగలేదమ్మా," అన్నాడు.

పిల్ల కంచం పక్కకి జరిపి లేచిపోయింది. రెండు రోజులుగా ఆయనతో టైర్ల గాలి గురించి తప్ప మరో మాట లేదు. ఈలోగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా కబురు పెట్టాడు. పైన క్రేను పన్నెండింటి దాకానే ఉంటుంది, ఈసారి ఆలోగా పైపులు చేరకపోతే ఆ పని ఇంకో బండికి ఇచ్చేస్తారు. అదిపోతే బండి అమ్ముకోవడమే. పిల్ల మళ్లీ వ్యానుకి పోవాలి, చెయ్యి తిరగని పిల్ల అన్న పేరు వెంటేసుకుని.

"నేనూ వస్తా," అన్నాడాయన.

కూతురు ఆయన్ని ఎగాదిగా చూసింది. "రా. కానీ నోరు మెదపకూడదు. దేన్నీ ముట్టుకోకూడదు. మాటివ్వు."

ఇచ్చాడు. పక్క సీట్లో కూర్చున్నాడే గానీ ముళ్లమీద కూర్చున్నట్టే ఉంది ఆయనకి. ఎదురుగా బస్సొస్తే లేని బ్రేకు తొక్కాడు. గేరు మారినప్పుడల్లా ఖాళీ పిడికిలి బిగించాడు. జేబులోని తాళంచెవిని తీసి, చూసి, మళ్లీ వేసుకున్నాడు.

కొండ మొదట్లో టీ కొట్టు దగ్గర బండి ఆపింది. అది ఆగీ ఆగకముందే ఆయన చెయ్యి సీటు వెనక ఉన్న కర్రమీద పడింది. గాట్లు పెట్టిన కర్ర అది. మీటరు చచ్చిన నాటినుంచీ ఆగిన ప్రతిచోటా మూత తీసి, ఆ కర్ర ముంచి, డీజిల్ ఎంతుందో చూడటం ఆయనకి అలవాటు.

"ఏంటది?" అంది కూతురు.

"ఊరికే... డీజిల్ చూద్దామని."

"మీటరుంది కదా నాన్నా! ముప్పావు ట్యాంకు. అయినా మాటిచ్చావు."

నిజమే, ఇచ్చాడు. కర్ర మళ్లీ సీటు వెనక్కి పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో ఎదురొచ్చిన ట్రాక్టరుకి దారిచ్చి, ఒక్క కుదుపు లేకుండా అందుకుంది. తనైతే అక్కడ ఒకసారి గేరు కీచుమనిపించేవాడు. అది గమనించి ఆయనకి గర్వమూ సిగ్గూ ఒకేసారి కలిగాయి.

మూడో మలుపులో ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఆయన కిందికి దూకి వెనక చక్రాలకి రాళ్లు పెట్టాడు. టైము పదకొండుంపావు. వెనక రెండు బళ్లు హారన్లు మోగిస్తున్నాయి. పైకి చూస్తే కూతురు స్టీరింగుకి నుదురు ఆనించి ఉంది.

"నేనేం తప్పు చేశాను?" అంది తల ఎత్తకుండానే. "మొత్తం చూశావుగా. చెప్పు నాన్నా."

పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఆయన అక్కడ నిలబడలేకపోయాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి. ఏ పనీ తోచక, అలవాటు కొద్దీ కర్ర తీసుకుని, తాళం తిప్పి, ట్యాంకు మూత విప్పాడు.

భుస్సుమని గాలి లోపలికి పోయింది. నొక్కుకుపోయి ఉన్న ట్యాంకు రేకు ఠప్పుమని పైకి లేచింది.

ఆయన మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత దాన్ని తిరగేసి చూశాడు. మధ్యలో సన్నని బెజ్జం ఉండాల్సినచోట సీసం బొట్టు. పాత మీటరు చచ్చాక ఎప్పుడో ఒక వానాకాలం ఆ బెజ్జంలోంచి ట్యాంకులోకి నీళ్లు దిగుతున్నాయని సీసం కరిగించి మూసింది తనే. ఇంజను తాగిన డీజిల్ మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పైకి లాగి లాగి చివరికి పంపు చేతులెత్తేస్తుంది. ఇన్నేళ్లూ తన బండి ఆగకపోవడానికి తన చేతి నేర్పు కారణం కాదు. డీజిల్ చూసే వంకతో ఆగినచోటల్లా మూత తీయడమే కారణం. కొత్త మీటరొచ్చింది, మూత తీసే పని పోయింది. తాళంచెవేమో తన జేబులో భద్రంగా ఉంది.

ఇదంతా ఎవరూ చూడలేదు. మేకుతో ఆ సీసాన్ని పొడిచేసి, "పైపులో గాలి పట్టింది, తీసేశాను," అంటే సరిపోతుంది. పరువు దక్కుతుంది. పిల్ల నమ్ముతుంది కూడా. నమ్మి, బతికినంతకాలం తన చేతుల్నే అనుమానించుకుంటుంది.

"ఇటు రామ్మా," అని పిలిచాడు. కూతురు దిగి వచ్చింది. మూత ఆమె చేతిలో పెట్టి, సీసం బొట్టు చూపించి, జరిగినదంతా చెప్పాడు.

ఆమె ఆ బొట్టుని గోరుతో గీకి చూసింది. కళ్లనిండా నీళ్లు. "రెండు రాత్రులు నిద్రపోలేదు నేను," అంది. "నాకు బండి చేతకాదేమో అనుకున్నాను."

"నాదే తప్పు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించు తల్లీ."

ఆమె పనిముట్ల డబ్బాలోంచి మేకు తీసి, స్పానరుతో రెండు దెబ్బలు కొట్టింది. సీసంలో బెజ్జం పడింది. మూత తనే బిగించింది. ఫిల్టరుమీది చేతిపంపు నాలుగుసార్లు నొక్కి వచ్చి, ఆయన ముందు అరచెయ్యి చాపింది.

"తాళంచెవి."

ఆయన ఇచ్చేశాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

పదకొండూ యాభైకి పైకి చేరారు. క్రేనువాడు ఇంకా ఉన్నాడు. ఆయన్ని చూడగానే గుమాస్తా నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అదీ సంగతి! ఇవాళ పెద్దాయన కూర్చున్నాడు, బండి ఆగకుండా వచ్చింది."

కూతురు పైపుల తాళ్లు విప్పుతోంది, తల తిప్పలేదు. ఆయన గుమాస్తా భుజంమీద చెయ్యి వేసి, అక్కడున్న నలుగురికీ వినపడేలా చెప్పాడు.

"ఇవాళా ఆగింది బాబూ. మొత్తం మూడుసార్లూ ఆగింది నావల్లే. ఇక్కడిదాకా తెచ్చింది మా అమ్మాయి."